ఊరికే రాలేదు మా అక్షరం

ఊరికే దొరికేదానికి డబ్బు కట్టడమేంటని పోయిన ఏడాది నుంచి మమ్మల్ని చాలామంది అడుగుతున్నారు. హాస్టల్లో చదివే పిల్లలు అడిగారు. తోటి టీచర్లు అడిగారు. మాలోనే ఇద్దరు ముగ్గురు ఇప్పటికీ అడుగుతున్నారు. మేమేమీ డబ్బున్నవాళ్లం కాదు. గోండు, కొలాం, నాయకపోడు గూడేల నుంచి వచ్చి, ఆశ్రమ పాఠశాలల్లో, అంగన్వాడీల్లో, చిన్నచిన్న ఆఫీసుల్లో పనిచేసుకుంటూ, జీతాల్లోంచి తలా ఇంత వేసుకుని ఈ పుస్తకం తెస్తున్నవాళ్లం. అలాంటి మేము ఒక సాఫ్ట్‌వేర్‌కు, అదీ ఎవరూ అడగని డబ్బు పంపించాం. ఎందుకు పంపించామో చెప్పాల్సిన బాధ్యత మా మీద ఉంది.

ముందు ఒక మాట సంగతి. ఇంగ్లీషులో 'ఫ్రీ' అంటే ఊరికే వచ్చేదీ అవుతుంది, స్వేచ్ఛ గలదీ అవుతుంది. ఆ ఒక్క మాట వల్ల ఇంగ్లీషువాళ్లు నలభై ఏళ్లుగా గందరగోళపడుతున్నారు. మనకు ఆ ఇబ్బంది లేదు. తెలుగులో ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ అనే ఆయన ఈ ఉద్యమం మొదలుపెట్టినప్పుడు చెప్పింది స్వేచ్ఛ గురించి. ప్రోగ్రాంను ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏం రాసి ఉందో చూడొచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. అంతేగానీ డబ్బు ముట్టుకోకూడదని ఆయన అనలేదు. ఆయనే తన ఈమాక్స్ ప్రోగ్రాంను టేపు మీద ఎక్కించి 150 డాలర్లకు అమ్మాడు. కొన్నవాడు దాన్ని పదిమందికి పంచుకున్నా అభ్యంతరం లేదన్నాడు, అదీ తేడా.

ఫోన్లో ఊరికే దిగే ప్రతి యాప్ ఈ జాతిది కాదు. చాలావాటికి మనం డబ్బుకు బదులు మన వివరాలు ఇచ్చుకుంటున్నాం. ఆ గొడవ ఈ వ్యాసంలోకి తీసుకురాము.

మాకు ఈ విషయం మీద ఆసక్తి కలిగింది సిద్ధాంతం చదివి కాదు. మొదట్లో మా పుస్తకాన్ని పట్నంలో ఒక డీటీపీ సెంటర్లో టైపు చేయించేవాళ్లం. అక్కడ వాడే ఫాంటు ఆ కంప్యూటర్లోనే తెలుగులా కనిపించేది. ఇంకో చోట తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ, చుక్కలూ, గీతలూ. ఆ సెంటరు మూతపడ్డాక మా పాత సంచికల ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ఉండి కూడా లేనట్టే అయ్యాయి. ఒక పెద్దాయన చెప్పగా రాసుకున్న కొలాం కథలు రెండు అందులోనే ఉన్నాయి. అచ్చు కాపీ చూసి మళ్లీ మొదట్నుంచి టైపు చేసుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి యూనికోడ్ తెలుగుకు, లిబ్రె ఆఫీసుకు మారాం. మెనూలు కూడా తెలుగులోకి మార్చుకోవచ్చని తెలిసి మా అంగన్వాడీ అక్క ఒకరు చాలా సంతోషపడ్డారు. మీ చేతిలో ఉన్న ఈ పుస్తకం దానిమీద కూర్చిందే.

అయితే మమ్మల్ని కూర్చోబెట్టి ఆలోచింపజేసింది తెలుగు కాదు, గోండి.

మన నార్నూర్ మండలంలోని గుంజాల సంగతి మీకు తెలుసు. అక్కడి ఇళ్లలో గోండి లిపిలో రాసిన రాతప్రతులు ఉన్నాయని ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వెలుగులోకి తెచ్చింది. అంతకు ముందే, 1918లో, మధ్యప్రదేశ్ బాలాఘాట్ వైపు మున్షీ మంగళ్ సింగ్ మసరాం గోండికి ఇంకో లిపి తయారుచేశారు. ఈ రెండూ ఇప్పుడు కంప్యూటర్లో ఉన్నాయి. మసరాం లిపి 2017లో, గుంజాల లిపి 2018లో యూనికోడ్‌లో చేరాయి. ఆ మాట విన్న రోజు మేము పండగ చేసుకున్నాం. కొన్నాళ్లు గడిచాక మాలో ఒక తమ్ముడు అడిగాడు: "దాదా, చేరాయి సరే, ఎవరు చేర్చారు? ఆ ఖర్చు ఎవరు పెట్టారు?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే మాకు చాలా తెలిసింది. ఒక అక్షరం ఫోన్ తెర మీదికి రావాలంటే నాలుగు మెట్లున్నాయి.

మొదటిది, ప్రతి అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకునే ఒక సంఖ్య ఉండాలి. అదే యూనికోడ్ పని. ఒక లిపిని అందులో చేర్చాలంటే ఆ లిపి గురించి పెద్ద నివేదిక రాయాలి. అక్షరాలెన్ని, ఒత్తులు ఎలా పడతాయి, అంకెలున్నాయా, పాత రాతల్లో ఆధారాలేమిటి అన్నీ చూపించాలి. గోండి లిపులు రెండింటికీ ఆ నివేదికలు రాసింది అంశుమన్ పాండే అనే లిపి పండితుడు. అలాంటి పనికి అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో 2002 నుంచి ఒక ప్రాజెక్టు నడుస్తోంది. ప్రపంచంలో వెనకబడిపోయిన లిపులను ఒక్కొక్కటిగా యూనికోడ్‌లోకి తేవడమే దాని పని. దానికి అమెరికా ప్రభుత్వపు మానవీయ శాస్త్రాల నిధి నుంచి గ్రాంట్లు వచ్చాయి.

రెండోది ఫాంటు. సంఖ్య ఉన్నంత మాత్రాన కంటికి ఏమీ కనిపించదు, ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. ఆ డబ్బాలు లేకుండా చేయాలని గూగుల్ నోటో అనే ఫాంట్ల వరుస తయారుచేయించింది. అందులో గుంజాల గోండికీ, మసరాం గోండికీ ఫాంట్లున్నాయి. వాటిని ఎవరైనా దించుకోవచ్చు, మార్చుకోవచ్చు, పుస్తకంలో వాడుకోవచ్చు.

మూడోది చాలామందికి తెలియని మెట్టు. మన లిపుల్లో అక్షరాలు ఇంగ్లీషులాగా వరసగా నిలబడవు. గుడి పైన పడాలి, ఒత్తు కిందికి పోవాలి, రెండు కలిస్తే రూపం మారాలి. దీన్ని సరిగ్గా పేర్చే ప్రోగ్రాం ఒకటుంది, పేరు హార్ఫ్‌బజ్. ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రె ఆఫీసులో అదే పనిచేస్తుంది. మీరు పొద్దున లేచి వాట్సాప్‌లో 'శుభోదయం' అని చదివితే ఆ 'శు'కు కొమ్ము తగిలించింది అదే కావచ్చు. దాన్ని ఏళ్ల తరబడి ముందుండి నడిపింది ఇరాన్‌లో పుట్టిన బెహదాద్ ఇస్ఫహబొద్. ఆయన చేసిన ఉద్యోగాలు రెడ్ హ్యాట్, గూగుల్ వంటి కంపెనీల్లో.

నాలుగోది కీబోర్డు. చిన్న భాషలకు కీబోర్డులు చేసుకునే వీలిచ్చే కీమ్యాన్ అనే ప్రోగ్రాం ఒకప్పుడు అమ్మకపు సరుకు. 2015లో ఎస్ఐఎల్ అనే అంతర్జాతీయ సంస్థ దాన్ని తీసుకుని, ఆ తర్వాత ఉచితం చేసి, కోడ్ కూడా అందరి ముందు పెట్టింది. ఎస్ఐఎల్‌ది క్రైస్తవ నేపథ్యం. చిన్న భాషల్లోకి బైబిలు వెళ్లాలన్న కోరిక ఆ సంస్థ పుట్టుకలోనే ఉంది.

ఇప్పుడు ఈ నాలుగు మెట్లకు డబ్బు పెట్టినవాళ్లను వరసగా నిలబెట్టి చూడండి. అమెరికా ప్రభుత్వ నిధి. ప్రకటనల మీద బతికే ఒక కంపెనీ. సాఫ్ట్‌వేర్ కంపెనీలు. ఒక ధర్మప్రచార నేపథ్యపు సంస్థ. ఒక్కొక్కరికీ ఒక్కో కారణం ఉంది, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, వాళ్లకు మేము మనసారా దండం పెడతాం. కానీ ఆ వరసలో గోండులు లేరు. కొలాములు లేరు. ఏ గూడెమూ లేదు. మా అక్షరం తెర మీదికి వచ్చిన దారి పొడవునా మాది ఒక్క రూపాయి లేదు.

తెలుగును చూడండి. మండలి, రామభద్ర, గిడుగు వంటి పేర్లతో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లున్నాయి. వాటిని విడుదల చేసింది అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర. అంటే తెలుగు అక్షరాల బరువులో కొంతైనా తెలుగువాళ్లే మోశారు. గిడుగు పేరు ఎలాగూ వచ్చింది కాబట్టి ఒక మాట. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టారు, ఆయన రాసిన సవర భాషా గ్రంథం 1931లో అచ్చయింది. వ్యవహార భాష కోసం ఆయన చేసిన పోరాటం బడిలో చెబుతాం, సవర సంగతి ఒక వాక్యంలో ముగిస్తాం. ఆయనకు సవర నేర్పింది ఆయన ఇంట్లో పెట్టుకున్న ఒక సవర మనిషి. పాఠ్యపుస్తకంలో ఆ మనిషి పేరుండదు. మన భాషల కోసం ఇతరులు చేసిన మేలును మనం గుర్తుంచుకుంటాం. మన వాళ్లు పడ్డ పాటు లెక్కలోకి రాలేదని కూడా గుర్తుంచుకోవాలి.

ఈ సంగతులన్నీ పెట్టుకుని మేము ఒక ఆదివారం కూర్చున్నాం. వాదన గట్టిగానే జరిగింది. ఒక టీచరమ్మ అన్నారు: "మా హాస్టల్లో పిల్లలకు చలికాలం దుప్పట్లు చాలడం లేదు. ఉన్న నాలుగు రూపాయలూ ఎక్కడో జర్మనీకి పంపితే నేను ఒప్పుకోను." ఆమె అన్నదాంట్లో తప్పేముంది? ఇంకో అన్న, "గూగుల్‌కు లేని డబ్బా మన దగ్గరుంది తమ్మీ?" అన్నాడు. ఇదీ న్యాయమైన మాటే. గూగుల్‌కు మనం ఇవ్వాల్సింది ఏమీ లేదు.

అప్పుడు మాలో పెద్దవాడు, పదవీ విరమణ చేసిన హెడ్మాస్టరు, వెట్టి గురించి ఎత్తారు. నిజాం కాలంలో అధికారులు గూడేనికి వస్తే మన వాళ్లు సామాన్లు మోశారు, కోళ్లిచ్చారు, రోజుల తరబడి ఊరికే పనిచేశారు. అది వెట్టి. నా చేను కోతకు నువ్వొస్తావు, నీ చేను కోతకు నేనొస్తాను. అది బదులు. రెండింట్లోనూ చేతికి కూలి డబ్బులు రావు. బయటివాడు చూస్తే రెండూ ఊరికే చేసిన పనే. కానీ ఒకదాంట్లో మనిషి తల వంచుకుని పోతాడు, ఇంకోదాంట్లో అంబలి తాగి పాట పాడుకుంటూ పోతాడు. "ఎవరో రాసిన ప్రోగ్రాంను మనం ఏళ్లకేళ్లు వాడుకుని మారు మాట్లాడకపోతే, అవతలివాడి పనిని మనం దేనిలో కలిపినట్టు?" అని ఆయన అడిగారు. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

కెస్లాపూర్ నాగోబా గుడి సంగతి ఎత్తింది మాత్రం ఒక కుర్రవాడు. కొత్త గుడిని మెస్రం వంశంవాళ్లు ఇంటింటికీ చందాలు వేసుకుని కట్టుకున్నారు. 2022 డిసెంబరులో ప్రతిష్ఠ జరిగింది. జాతరకు వచ్చేవాళ్లలో మెస్రంలు ఎంతమంది, బయటివాళ్లు ఎంతమంది? గుడి తలుపు అందరికీ తెరిచే ఉంటుంది, టికెట్టు లేదు. కట్టినవాళ్లు చందా రశీదు చూపించమని ఎవరినీ అడగరు. అయినా గుడి ఎలా ఉండాలో, పూజ ఎప్పుడు జరగాలో చెప్పే మాట మెస్రంలదే. డబ్బు పెట్టినందుకే ఆ మాట వచ్చిందని అనము, వంశాచారం అంతకంటే పాతది. కానీ సొంత చందాతో కట్టుకున్న గుడి ముందు నిలబడి మాట్లాడేటప్పుడు గొంతు వేరేగా ఉంటుంది.

డబ్బు లేక ఇలాంటి పనులు ఎలా కూలబడతాయో చెప్పే కథలు రెండున్నాయి. పిల్లలకు క్లాసులో చెప్పదగినవి.

బ్రౌజర్లో కనిపించే తాళం గుర్తు వెనక చాలాచోట్ల ఓపెన్ ఎస్ఎస్ఎల్ అనే ప్రోగ్రాం ఉంటుంది. లోకంలోని ఎన్నో వెబ్‌సైట్లు, బ్యాంకు లావాదేవీలు దాని మీద నడుస్తాయి. 2014 ఏప్రిల్‌లో అందులో పెద్ద రంధ్రం బయటపడింది, దానికి హార్ట్‌బ్లీడ్ అని పేరు పెట్టారు. సర్వర్ల జ్ఞాపకంలోంచి రహస్యాలు ఎవరైనా తోడుకోవచ్చు. ఇంత పెద్ద ప్రోగ్రాంను ఎంతమంది చూసుకుంటున్నారని ఆరా తీస్తే, పూర్తికాలం పనిచేసేది ఒకే ఒక్క మనిషి అని తేలింది. విరాళాలుగా వచ్చేది ఏడాదికి సుమారు 2,000 డాలర్లు. దాని మీద కోట్లు సంపాదించుకున్న కంపెనీలు అప్పుడు మేలుకున్నాయి. పెద్ద కంపెనీలు కొన్ని కలిసి, ఏడాదికి తలా లక్ష డాలర్ల చొప్పున మూడేళ్లు ఇస్తామని ముందుకొచ్చాయి. ఇల్లు తగలబడ్డాక బావికి చందాలు వేసినట్టు.

రెండోది ఇంకా దగ్గరిది. ఎక్స్‌జడ్ అని ఫైళ్లను చిన్నవి చేసే ఒక ప్రోగ్రాం ఉంది. ఫిన్లాండ్‌లో ఒకాయన తీరిక వేళల్లో, జీతం లేకుండా, ఒంటరిగా దాన్ని చూసుకునేవాడు. ఆరోగ్యం బాగాలేదని చెప్పుకున్నాడు. పని ఆలస్యమవుతోందని కొందరు ఆయన్ని సతాయించారు. అదే సమయంలో ఒక కొత్త మనిషి సాయం చేస్తానని వచ్చాడు. రెండేళ్లకు పైగా నమ్మకంగా పనిచేశాడు, తాళంచెవులు చేతికి తీసుకున్నాడు, 2024లో అందులో దొంగదారి పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన కంప్యూటర్లో లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని తవ్వి చూడబట్టి, ఆ మార్చి నెలాఖరులో అది బయటపడింది. ఆ వచ్చిన మనిషి అసలు ఎవరో ఇప్పటికీ తేలలేదు.

ఈ కథ చెప్పినప్పుడు మాలో ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు. ఏజెన్సీలో పుట్టినవాళ్లకు ఇలాంటి కథ కొత్త కాదు. కష్టంలో ఉన్న ఒంటరి ఇంటికి సాయం చేస్తానని వచ్చి, ఉప్పూ కిరసనాయిలూ అప్పిచ్చి, నమ్మకం పెంచుకుని, చివరికి భూమి కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నవాళ్లను మన తాతలు చూశారు. 1/70 చట్టం వచ్చింది అందుకే. ఒంటరిగా, చేతిలో డబ్బు లేకుండా, అలసిపోయి ఉన్న మనిషి దగ్గరికే అలాంటివాళ్లు వస్తారు. పక్కన నలుగురుంటే రారు.

అన్నీ విన్నాక టీచరమ్మ ఒక షరతు పెట్టారు. దుప్పట్ల డబ్బు ముట్టుకోకూడదు, విద్యార్థుల దగ్గర పైసా తీసుకోకూడదు, జీతం వచ్చేవాళ్లే ఇవ్వాలి. అందరం ఒప్పుకున్నాం. నెలకు మనిషికి 50 రూపాయలు. పన్నెండు మందిమి, ఏడాదికి 7,200. ఎవరికి పంపాలన్నది ఇంకో తగువు. పెద్ద కంపెనీల అండ ఉన్నవాటికి వద్దనుకున్నాం. రోజూ మేము వాడేది, విరాళాల మీద నిలబడినది అయ్యుండాలనుకున్నాం. లిబ్రె ఆఫీసు వెనక బెర్లిన్‌లో రిజిస్టరైన ఒక ఫౌండేషన్ ఉంది. దానికి వచ్చేది ముఖ్యంగా మామూలు వాడకందార్లు ఇచ్చే చిన్నచిన్న మొత్తాలే. సగం అక్కడికి పంపాం. మిగతా సగం వికీపీడియాకు. వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్ కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. 2018లో సంతాలీలో, ఓల్ చికి లిపిలో వికీపీడియా వచ్చింది. మన సంతాల్ అన్నదమ్ములు సాధించింది చూశాక ఆ సగం గురించి వాదనే లేకపోయింది.

పంపడం కూడా ఒక ప్రహసనమే. మా పుస్తకం ఖాతా ఉన్న బ్యాంకు కార్డుకు విదేశీ చెల్లింపులు మూసి ఉన్నాయి. తెరిపించడానికి వెళ్తే కౌంటరులో ఆయన "దేనికి?" అన్నాడు. చెప్పాం. "ఊరికే వచ్చేదానికా?" అని మళ్లీ అదే ప్రశ్న. చివరికి మాలో ఒకరి సొంత కార్డుతో పంపి, రశీదు అచ్చు తీసి ఫైల్లో పెట్టాం. మన దేశంలోనే ఇవ్వాలనుకునేవాళ్లకు దారులు పెరుగుతున్నాయి. బెంగళూరు కంపెనీ జెరోధా 2024లో ఏడాదికి పది లక్షల డాలర్లతో ఇలాంటి ప్రోగ్రాంల కోసం ఒక నిధి పెట్టింది. హైదరాబాదులో 'స్వేచ్ఛ' సంస్థ చాలా ఏళ్లుగా విద్యార్థుల మధ్య స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేస్తోంది. కాలేజీ తమ్ముళ్లు చెల్లెళ్లు ముందు అక్కడికి వెళ్లి చూడటం మంచిది.

డబ్బే ఇవ్వాలని లేదు. గోండి కీబోర్డు వాడి ఎక్కడ ఆగిపోతోందో రాసి పంపడం, ఫాంటులో ఒక అక్షరం గుంజాల పెద్దల రాతకు దగ్గరగా ఉందో లేదో చూసి చెప్పడం, మెనూ మాటలకు గోండిలో, కొలామీలో మాటలు వెతకడం, ఇవన్నీ పని కిందికే వస్తాయి. మన తప్ప ఇంకెవరూ చేయలేని పని. అయితే ఇక్కడ మాకొక భయం ఉంది, దాచుకోము. మన పిల్లల దగ్గర మాటలు, పాటలు, గొంతులు ఊరికే రికార్డు చేసుకుని "సేవ చేశారు" అని సర్టిఫికెట్ చేతిలో పెట్టి పోయేవాళ్లు వస్తున్నారు. వచ్చినవాళ్లను టీచర్లు రెండు ప్రశ్నలు అడగాలి. తయారైనది అందరికీ తెరిచి ఉంచుతారా? మీకు జీతం వస్తుంటే మా పిల్లలకు కూలి ఎందుకు రాదు? రెండింటికీ సరైన జవాబు లేకపోతే అది పాత వెట్టే, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చేయించుకునే వెట్టి.

జెర్మనీ నుంచి వచ్చిన కృతజ్ఞత ఈమెయిలు అందరికీ పంపే అచ్చు ఉత్తరమే, అందులో మా గురించి ఏమీ లేదు. మేము ఆశించనూ లేదు. ఈ ఏడాది మాత్రం తగువు కొత్తది. కొలాం మిత్రులు అంటున్నారు: సగం డబ్బు బయటికి పంపకుండా దాచి, ఇంకో రెండేళ్లు కూడబెట్టి, కొలామీ పిల్లల కోసం ఒక చిన్న టైపింగ్ ప్రోగ్రాం రాసే కుర్రవాడికి కూలిగా ఇద్దాం, ఊరికే చేయమని అడగొద్దు, తయారయ్యాక కోడ్ అందరికీ ఇచ్చేద్దాం అని. గోండు మిత్రులు కొందరు లిబ్రె ఆఫీసు వాటా తగ్గించడానికి ఒప్పుకోవడం లేదు. సంక్రాంతి తర్వాత మళ్లీ కూర్చుంటున్నాం. ఉట్నూరు చుట్టుపక్కల ఉండి, కోడ్ రాయడం వచ్చిన తమ్ముడో చెల్లెలో ఈ పుస్తకం చదువుతుంటే ఆ రోజు రండి. దారి ఖర్చులు మేమిస్తాం.